నీళ్లు పడకపోయినా పర్లేదు

మే నెల మధ్యాహ్నం వరంగల్‌లో 44 డిగ్రీల ఎండ. గదిలోంచి లాగిన వేడిని ఏసీ ఆ మండే గాలిలోకే నెట్టాలి. ఎండ ముదిరేకొద్దీ దానికి చాకిరీ ఎక్కువ, మీటరు తిరుగుడూ ఎక్కువ. ఆ కరెంటు కోసం రామగుండంలో, చెల్పూరులో బొగ్గు కాలుతూనే ఉంటుంది.

అదే మధ్యాహ్నం మన కాళ్ల కింద పది, పదిహేను మీటర్ల లోతున నేల 28 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. సంక్రాంతికీ అంతే, రోహిణి కార్తెకూ అంతే. గ్రౌండ్ సోర్స్ హీట్ పంపు అనే యంత్రం ఏసీలాగే గదిలో వేడిని లాగుతుంది, కానీ దాన్ని గాలికి బదులు ఆ నేలకు అప్పగిస్తుంది. బోరులో ప్లాస్టిక్ పైపు దించి, అందులో నీటిని తిప్పుతారు. బోరు అనగానే నీళ్లు పడ్డాయా అని అడగడం మనకు అలవాటు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. పైపులో నీరు పైపులోనే తిరుగుతుంది, భూగర్భజలం చుక్క కూడా తోడదు. బోరు బండ్లకు మన దగ్గర కొదవ లేదు. మన గ్రానైట్ రాయి వేడిని బాగానే లాక్కుంటుంది కూడా. అయితే పైపు చుట్టూ ఖాళీ లేకుండా పూడ్చాలి, గాలి మిగిలితే వేడి రాతిలోకి దిగదు.

స్వీడన్‌లో లక్షల ఇళ్లకు ఇవే ఉన్నాయి కదా, మనమూ ఇంటింటికీ పెట్టుకుందాం అంటే మాత్రం మేం ఒప్పుకోం. అక్కడ ఇళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి చలికాలమంతా నేల నుంచి వేడి తీసుకుంటారు. మన చలి నాలుగు వారాల ముచ్చట, ఆదిలాబాద్‌లో అయితే ఇంకాస్త ఎక్కువ. మనం ఏడాదిలో ఎక్కువ కాలం నేలకు వేడి ఇస్తూనే పోతే ఏటేటా బోరు చుట్టూ రాయే వేడెక్కి, లాభం కరిగిపోతుంది. బోర్ల ఖర్చు సరేసరి.

అందుకే వేడినీళ్ల అవసరం రోజూ ఉండే చోటే ఇది అతుకుతుంది: ఆసుపత్రులు, హాస్టళ్లు. వార్డు నుంచి లాగిన వేడితో ముందు నీళ్లు కాచుకుంటే నేలకు పోయేది తగ్గుతుంది, గీజర్ల కరెంటూ మిగులుతుంది. కొత్తగా కట్టే సర్కారు భవనానికి పునాది తవ్వేటప్పుడే బోర్లు వేయడం తేలిక, కట్టాక ఆవరణ తవ్వడం తలనొప్పి.

వరంగల్‌లో ఒక్క ఆసుపత్రిని ఎంచుకుని మూడు ఎండాకాలాలు నడిపి చూడాలి. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో, బోరు నుంచి తిరిగొచ్చే నీరు ఎన్ని డిగ్రీలుందో నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలి.