పైలట్ల కొరత అంటున్నారు... ఉద్యోగం మానేద్దామా?

2025 డిసెంబర్ మొదటి వారం. ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేసి, శంషాబాద్‌లో జనం సూట్‌కేసుల మీదే తలలు వాల్చి నిద్రపోతున్న రోజులు. అప్పుడు మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, పైలట్లు లేక విమానాలు ఆగిపోతున్నాయట. ఇంతకన్నా మంచి టైం రాదేమో" అన్నాడు.

వాడికి ముప్పై మూడేళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక పాప, ఒక ఫ్లాటు, దాని ఈఎంఐ. చిన్నప్పుడు బేగంపేట ఎయిర్‌పోర్టు గోడ దగ్గర నిలబడి విమానాలు లెక్కపెట్టిన పిల్లల్లో వాడొకడు. 2008లో విమానాలన్నీ శంషాబాద్‌కు మారిపోయినా వాడి పిచ్చి మాత్రం ఎటూ మారలేదు.

ఇలాంటివాళ్లు ఈమధ్య ఎక్కువే కనిపిస్తున్నారు. ఐటీలో ఉద్యోగాలు ఊడతాయన్న భయం ఒకవైపు, విమానాల ఆర్డర్ల వార్తలు మరోవైపు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్ ప్రకటించింది. నాలుగు నెలలు దాటీ దాటకముందే, జూన్‌లో ఇండిగో ఏకంగా 500 అంది. ఒక్కో చిన్న జెట్‌కు ఐదారు జతల పైలట్లు కావాలి కాబట్టి, గుణించుకుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. పైగా పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడి చేతిలో ఉండటంతో, తెలుగు ఇళ్లలో విమానాల ముచ్చట్లు కాస్త ఎక్కువే నడుస్తున్నాయి.

కానీ డిసెంబర్‌లో ఏం జరిగిందో కాస్త దగ్గర్నుంచి చూడాలి. పైలట్ల అలసట తగ్గించడానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన కొత్త డ్యూటీ నిబంధనలు ఆ ఏడాది రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. వారానికోసారి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. అర్ధరాత్రి దాటాక చేసే ల్యాండింగుల మీద గట్టి పరిమితి పడింది. రెండో విడత నవంబర్ 1న మొదలైంది. అందుకు తగ్గట్టు ముందే మనుషుల్ని సిద్ధం చేసుకోకపోవడంతో ఇండిగో రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) కుప్పకూలాయి. అప్పుడు కంపెనీకి కావాల్సింది రేపే సీట్లో కూర్చోగల మనిషి. ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత, అంటే టైప్ రేటింగ్ ఉన్నవాడు, అందులోనూ కెప్టెన్. 200 గంటల అనుభవంతో నిన్నగాక మొన్న లైసెన్స్ చేతికొచ్చిన కుర్రాడు ఆ ఖాళీని పూడ్చలేడు.

పత్రికల్లో మనం చదివే 'పైలట్ల కొరత'లో అసలు భాగం కెప్టెన్ల కొరతే. కొత్త లైసెన్సుల దగ్గర ఉన్నది క్యూ. 2023 ఒక్క ఏడాదే డీజీసీఏ 1,600కు పైగా కమర్షియల్ పైలట్ లైసెన్సులు ఇచ్చింది. వాళ్లంతా ఆ ఏడాదే కాక్‌పిట్ ఎక్కేశారనుకుంటే పొరపాటు. కెప్టెన్‌ను వదులుకోవడం కంపెనీలకు ఎంత కష్టమో తెలియాలంటే నోటీసు పీరియడ్ చూస్తే చాలు. 2017 నిబంధనల ప్రకారం కెప్టెన్ రాజీనామా చేస్తే ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) చేస్తే ఆరు నెలలు ఆగాలి. మన ఐటీలో తొంభై రోజులకే తిట్టుకుంటాం.

మరి ముప్పై మూడేళ్లు ఆలస్యమా? నన్నడిగితే కాదు. లెక్క వేసి చూడండి. పరీక్షలకు, మెడికల్‌కు ఏడాది. ఫ్లయింగ్‌కు ఏడాదిన్నర. టైప్ రేటింగ్, ఇంటర్వ్యూలు, ఎదురుచూపులు కలిపి ఇంకో ఏడాదో రెండేళ్లో. ముప్పై ఏడుకు ఫస్ట్ ఆఫీసర్‌గా కుడివైపు సీట్లో కూర్చున్నాడనుకుందాం. ఎయిర్‌లైన్ పైలట్ 65 ఏళ్ల దాకా ఎగరొచ్చు. అంటే ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. కెప్టెన్ కావడానికి ఐదారేళ్లు పట్టినా, కెప్టెన్ కూర్చునే ఎడమవైపు సీట్లో ఇరవై ఏళ్లకు పైగా మిగులుతాయి. ప్రైవేటు రంగంలో ఇంత దూరం కనిపించే ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి?

ఒక్క మెలిక ఉంది. ఈ వృత్తిలో పాత అనుభవానికి మార్కులు లేవు. సీనియారిటీ అంటే చేరిన తేదీ. పదేళ్లు టీమ్ లీడర్‌గా చేసినవాడైనా, మొన్న ఇంటర్ పాసై వచ్చిన పిల్లాడైనా సున్నా నుంచే మొదలుపెట్టాలి. తనకన్నా పదేళ్లు చిన్న కెప్టెన్ పక్కన కూర్చుని "యెస్ కెప్టెన్" అనాలి. అనగలడా లేదా అన్నది ముందే తేల్చుకోవాల్సిన సంగతి.

వాడితో కలిసి ఒక ఆదివారం తెల్లవారుజామున నగరం శివారులోని ఓ ఫ్లయింగ్ స్కూల్‌కు వెళ్లాను. పేరు అనవసరం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం రెక్క కింద ఒంగి, చిన్న పారదర్శకమైన గొట్టంలోకి ఇంధనం పడుతున్నాడు ఓ విద్యార్థి. చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి చూశాడు. లేత నీలం రంగు. అడుగున నీటి బొట్టు ఉంటే పూసలా కనిపిస్తుందట; ఆ బొట్టు ఇంజిన్‌లోకి వెళ్తే గాల్లో ఆగిపోవచ్చు. ఏమీ లేదని తృప్తిపడి లేచాడో లేదో, వెనక నుంచి ఇన్‌స్ట్రక్టర్ గొంతు: "సర్, ఇంకో రెక్క మర్చిపోయారు." ఆ ఇన్‌స్ట్రక్టర్‌కు ఇరవై నాలుగుంటాయేమో. ఆ విద్యార్థి మారు మాట్లాడకుండా అటువైపు నడిచాడు. ఆ ముందు ఏడాది దాకా ఆయన కింద నలభై మంది పనిచేసేవారని తర్వాత టీ తాగుతూ చెప్పాడు.

ముప్పైల్లో వచ్చేవాళ్లకు ఉన్న బలం అదే అనిపించింది. తప్పు చెబితే మొహం మాడ్చుకోకపోవడం, మళ్లీ మొదటి నుంచి చూడటం. చదువు సంగతికొస్తే నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లలో 70 శాతం రావాలి. ఇంకా రేడియో టెలిఫోనీ పరీక్ష ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు దారి సులువు. బైపీసీ, సీఈసీ వాళ్లు చాలామంది ఓపెన్ స్కూల్‌లో ఆ సబ్జెక్టులు రాసి వస్తున్నారు. రాత్రి పదింటికి పాపను పడుకోబెట్టి మేఘాల రకాలు బట్టీ పట్టడం కష్టమే కానీ, జరగని పని కాదు.

జరగని పని ఎక్కడ మొదలవుతుందంటే డబ్బు దగ్గర. లైసెన్స్ వరకు యాభై లక్షలకు అటూ ఇటూ అవుతోంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం టైప్ రేటింగ్‌కు మరో పదిహేను, ఇరవై లక్షలు. ఎయిర్‌లైన్లు తమ కోసం కొత్తవాళ్లను తయారుచేసుకునే క్యాడెట్ ప్రోగ్రాముల్లో చేరితే ఖర్చు కోటి దాకా వెళ్తుంది, కానీ ఉద్యోగం మీద కాస్త భరోసా ఉంటుంది. అయితే వాటిలో చాలావాటికి వయోపరిమితి ముప్పై, ముప్పై రెండు దగ్గరే ఆగిపోతుంది. భరోసా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఆ తలుపు మూసి ఉండటం నాకు వింతగా తోస్తుంది. భార్యాపిల్లలున్నవాడు సొంతంగా, రిస్క్ మొత్తం నెత్తిన వేసుకుని రావాలి.

అరవై లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు సుమారు 82,600 రూపాయలు కట్టాలి. కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు మొదట్లో చేతికొచ్చేది లక్షన్నరకు అటూ ఇటూ, శిక్షణ నెలల్లో ఇంకా తక్కువ. ఉద్యోగం వచ్చాక ఎలాగో లాక్కురావచ్చు. రాని నెలల మాటేమిటి? ఆ నెలల్లో కూడా మెడికల్ ఏటా చేయించుకోవాలి, బయట ఏమీ కనిపించకున్నా పరికరాలు చూసి నడిపే అర్హత, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏటా రెన్యూ చేసుకోవాలి. దానికి విమానం గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలి. జీతం లేకుండా లైసెన్స్‌ను బతికించుకోవడమంటే, పాలివ్వని గేదెకు దాణా కొంటూ ఉండటమే.

ఈ రంగం చరిత్ర చూస్తే ఆ ఖాళీ నెలలు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. 2023 మేలో గో ఫస్ట్ ఆగింది. పెద్ద కంపెనీ మూతపడ్డ ప్రతిసారీ వేల గంటల అనుభవం ఉన్నవాళ్లు మార్కెట్లోకి వచ్చి పడతారు. కొత్తవాళ్ల క్యూ ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. 2020 మార్చిలో, దేశీయ విమానాలన్నీ రెండు నెలలు నేలకు అతుక్కుపోవడానికి కాస్త ముందు లైసెన్స్ అందుకున్నవాడి పరిస్థితి ఊహించండి. ఇరవై మూడేళ్లవాడైతే అమ్మానాన్నల దగ్గర తింటూ కాలం గడిపేస్తాడు. ముప్పై ఏడేళ్లవాడిని స్కూల్ ఫీజు రసీదు వెంటాడుతుంది.

అందుకే "ఈ వయసులో నేర్చుకోగలనా" అన్న ప్రశ్న నాకు పెద్దగా పట్టదు. లైసెన్స్ చేతికొచ్చాక జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నిలబడుతుందన్నదే అడగాలి. భార్య లేదా భర్త జీతంతో రెండేళ్లు గడుస్తుందంటే ముప్పై ఎనిమిదైనా దిగొచ్చు. పొలం అమ్మి, ఉన్న పీఎఫ్ ఊడ్చి, ఆపైన అప్పు చేసి దిగుతానంటే మాత్రం ముప్పై ఒకటికి కూడా నేను వద్దనే చెబుతాను.

స్కూళ్ల సంగతి ఇంకో తలనొప్పి. పన్నెండు నెలల్లో 200 గంటలు అని కరపత్రంలో ఉంటుంది. వానలు, రిపేరులో ఉన్న విమానాలు, ఇన్‌స్ట్రక్టర్ల కొరత, హైదరాబాద్ చుట్టుపక్కలైతే ఎయిర్‌ఫోర్స్ విమానాల రద్దీ కలిసి అది ఇరవై నెలలైపోతుంది. 2025లో డీజీసీఏ ఈ స్కూళ్లకు ర్యాంకులివ్వడం మొదలుపెట్టింది. తొలి విడతలో 'ఏ ప్లస్', 'ఏ' ఒక్కరికీ దక్కలేదు. ఫీజు మొత్తం ముందే కట్టమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మేలు. ఎన్ని విమానాలున్నాయని అడిగితే చాలదు, ఈ రోజు ఎన్ని ఎగురుతున్నాయని అడగాలి. ఎయిరిండియా అమరావతిలో పెద్ద స్కూల్ పెడుతోందని మా బామ్మర్ది ఎగిరి గంతేశాడు కూడా. అది మన అమరావతి కాదు, మహారాష్ట్రలోది.

వీటన్నిటికన్నా ముందు మెడికల్. పదేళ్లు కుర్చీలో కూర్చున్న ఒంటికి బీపీ, షుగర్, ఈసీజీ ఏం చెబుతాయో ఎవరికి తెలుసు? మొదట క్లాస్ 2 మెడికల్ సర్టిఫికెట్, తర్వాత అంతకన్నా గట్టిదైన క్లాస్ 1. కళ్లద్దాలున్నా ఫర్వాలేదు, రంగులు సరిగ్గా కనిపించాలి. ఈ రెండు కాగితాలకయ్యే ఖర్చు వేలల్లోనే. ఫీజు కట్టేశాక గుండె దగ్గర ఏదో తేడా బయటపడితే పోయేది లక్షలు.

మా వాడు ఆ ఒక్క మాట విన్నాడు. క్లాస్ 2 అయింది, బీపీ గీత మీద ఉందన్నారు, రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు తింటున్నాడు. ఉద్యోగం మానలేదు. పరీక్షలు రాశాకే రాజీనామా అని ఇంట్లో ఒప్పందం. మొన్న వెళ్లినప్పుడు వాడి భార్య ల్యాప్‌టాప్ తెరిచి, "అన్నయ్యా, మీరే చెప్పండి" అంటూ ఓ ఎక్సెల్ షీట్ చూపించింది. ఫీజులు, ఈఎంఐ, పాప స్కూలు, అత్తగారి మందులు అన్నీ వరసగా ఉన్నాయి. చివర్న 'ఉద్యోగం రాని నెలలు' అని ఒక గడి. అందులో వాడు 6 వేశాడు. ఆమె దాన్ని కొట్టేసి 24 వేసింది. నేను లేచి వచ్చేసరికి అదీ చెరిపేసి, ఆ గడి ఖాళీగా ఉంది.