సవరణ: లార్డ్ హౌ దీవిని మొదట చూసింది కుక్ కాదు

ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో ఉన్న లార్డ్ హౌ దీవి గురించిన నా టపాలో, దాన్ని 1774లో ఆంగ్లేయ నావికుడు జేమ్స్ కుక్ కనుగొన్నాడనీ, తరువాత అది ఖైదీల స్థావరమైందనీ రాశాను. ఆ రెండు విషయాలూ అదే సముద్రంలోని మరో దీవి నార్ఫోక్‌కు చెందినవి, పొరపాటు నాదే. ఆస్ట్రేలియా చరిత్ర రికార్డుల ప్రకారం, 1788 ఫిబ్రవరిలో ఖైదీలను నార్ఫోక్‌కు తీసుకువెళుతున్న 'సప్లై' నౌక అధిపతి హెన్రీ లిడ్జ్‌బర్డ్ బాల్ దారిలో లార్డ్ హౌ దీవిని చూసి, తిరుగు ప్రయాణంలో మార్చి నెలలో ఒడ్డున దిగాడు. అప్పటికి అక్కడ మనుషుల జాడే లేదు, స్థిర నివాసం 1834లో గానీ మొదలు కాలేదు. రెండు దీవుల కథలూ ఒకే నౌక దారిలో కలవడం వల్లనే నేను తికమకపడ్డాను కాబోలు. ఇక నేను రాసిన 400 అనే అంకెను కొందరు జనాభాగా తీసుకున్నారు. అది ఒకేసారి దీవిలో బస చేయడానికి అనుమతించే పర్యాటకుల గరిష్ఠ సంఖ్య. ఆ దీవిలోని గోవర్ శిఖరం ఎత్తు 875 మీటర్లన్న మాటలో మార్పు లేదు.