సిమెనాన్ వేగం వెనక ఉన్న పని

నవలాకారుడు జార్జ్ సిమెనాన్ గురించిన వ్యాసంలో ఆయన్ను ఫ్రెంచ్ రచయిత అనీ, పదకొండు రోజుల్లో అలవోకగా నవల రాసేసేవారనీ అన్నారు. రాసింది ఫ్రెంచ్‌లోనే గానీ ఆయన బెల్జియన్. 1903లో బెల్జియంలోని లియేజ్‌లో పుట్టి, పదహారేళ్లు నిండకముందే అక్కడి పత్రికలో విలేకరిగా చేరి, 1922 చివర్లో పారిస్ వెళ్లారు.

‘పదకొండు రోజుల్లో అలవోకగా నవల’ అన్న మాటతో మాత్రం అస్సలు ఏకీభవించలేను. ముందు టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి పేర్లు ఏరుకునేవారు. ఒక కవరు మీద పాత్రల పేర్లు, వయసులు, కుటుంబ వివరాలు రాసుకునేవారు. కథకు ప్రణాళిక ఉండదు. మొదటి అధ్యాయంలో ఏం జరుగుతుందో తెలిస్తే చాలు. మొదలుపెట్టే ముందు డాక్టరు పరీక్ష కూడా. ఆపైన రోజుకో అధ్యాయం. రాసినన్నాళ్లూ తాను పాత్ర మనసులోనే బతకాలి కాబట్టి, జబ్బు చేసి రెండు రోజులు ఆగితే రాసిన అధ్యాయాలన్నీ పారేసేవారు! ఆ నవలలు చిన్నవిగా ఉండటానికీ కారణం ఇదే: అంతకుమించి ఆ ఒత్తిడి తట్టుకోలేకపోయేవారు.

తర్వాత దిద్దుబాటు. విశేషణాలు, సొగసు కోసం పెట్టిన వాక్యాలు కొట్టేయడమే. ‘సాహిత్యం తగ్గించు’ అని తొలిరోజుల్లో ఫ్రెంచ్ రచయిత్రి కొలెత్ ఇచ్చిన సలహా అది.

ఆయన సృష్టించిన పోలీసు డిటెక్టివ్ మేగ్రే నవలలు 75. వాటితోనే ఆగిపోకండి, మేగ్రే లేని నవలల్లోనే ఆయన అసలు బలం తెలుస్తుంది.