2013 దగ్గరే ఆగిన మీటరు

తెల్లవారుజామున చెన్నై మాధవరం బస్టాండులో నెల్లూరు బస్సు దిగుతారు. చేతిలో స్కానింగ్ రిపోర్టుల కవరు, పక్కన నడవలేని పెద్దాయన. "మీటరు వేస్తావా అన్నా?" అని అడిగితే ఆటో డ్రైవరుకు కోపం రాదు, నవ్వొస్తుంది. "ఏ ఊరమ్మా మీది?" అంటాడు, మంచి తెలుగులోనే. బేరం నాలుగు వందల దగ్గర మొదలవుతుంది.

ఆ నవ్వును తప్పు పట్టలేం. చెన్నైలో ప్రభుత్వం ఖరారు చేసిన ఆటో చార్జీ 2013 ఆగస్టు నాటిది. మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12. పది కిలోమీటర్లు పోతే 123 రూపాయలన్నమాట. అప్పుడు లీటరు పెట్రోలు 75 రూపాయలకు అటూ ఇటూగా ఉండేది, ఇప్పుడు వంద దాటింది. ఆనాటి ధరకే ఇడ్లీ పెట్టమని ఏ హోటలు యజమానినీ అడగం కదా! మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ చార్జీలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రానికి ఇచ్చింది. నిర్ణయించినదాన్ని సవరించే తీరిక మాత్రం ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో యూనియన్లు విసిగిపోయి కనీస చార్జీ 50, ఆపైన కిలోమీటరుకు 18 అని సొంతంగా ప్రకటించుకుంటే, ప్రభుత్వం చెల్లదు పొమ్మంది.

ఈ ధర ప్రయాణికుడిని కాపాడుతోందా? మాకు అలా కనిపించడం లేదు. సర్కారు రేటు గిట్టుబాటు కానప్పుడు న్యాయంగా 180 అడిగినవాడూ, నిలువునా దోచి 400 అడిగినవాడూ చట్టం ముందు ఒక్కటే. ఇద్దరికీ ఒకే ఫైను, ఒకే భయం. నిజాయితీ ఉన్న డ్రైవరుకు "నా రేటు ఇదీ" అని బోర్డు పెట్టుకునే దారే లేదు. ఎక్కకముందే ధర చూపించే పని చివరికి ఫోన్‌లోని యాప్‌లు చేశాయి. వానొస్తే వాటి రేటూ ఎగిరి కూర్చుంటుంది, నిజమే. కానీ ఇంటికి పోయిన బండిని ఆ వానలో తిరిగి రోడ్డెక్కించేదీ ఆ రేటే.

బెంగళూరులో 2025 ఆగస్టు 1 నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18 చేశారు. మంచిదే. కానీ ఐదారేళ్ళకు అదీ పాతబడుతుంది, మళ్ళీ ఫైలు, మళ్ళీ ధర్నా.

రేటును డ్రైవరుకే వదిలేయాలి. దాన్ని బండి మీద పెద్ద అంకెల్లో అంటించి, మీటరును ఆ రేటుకే సీలు చేయాలి. అంటించినదానికంటే రూపాయి ఎక్కువ అడిగితే అప్పుడు పట్టుకోవాలి. బ్రేకులు, లైసెన్సు, మీటరు నిజంగా తిరుగుతోందా లేదా అన్నవి ప్రభుత్వం చూడాల్సిన పనులే.

ఒక్క చోట మాత్రం పరిమితి ఉండాలంటాం. మార్కెట్ అంటే నలుగురిని అడిగి చూసుకునే వీలు. రాత్రి రెండింటికి సెంట్రల్ రైల్వే స్టేషన్ ముందు రోగితో నిలబడ్డ మనిషికి ఆ వీలుండదు. అక్కడ ప్రీపెయిడ్ కౌంటరు, దానికో గరిష్ఠ ధర తప్పవు.

రవాణా శాఖ దీన్ని ముందుగా మాధవరంలో పెట్టి చూడవచ్చు. ఆంధ్ర బస్సులు ఆగేది అక్కడే. తమిళం చదవలేకపోయినా బండి మీది అంకెలు అందరికీ తెలుస్తాయి.