మందపాటి రేకు ప్రాణానికి పూచీ కాదు

ఆ తలుపు మూసినప్పుడు వచ్చే శబ్దమే వేరు. ఇనప్పెట్టె మూత పడినట్టు బరువుగా, నిబ్బరంగా ఉంటుంది. అరవై ఏళ్ల నాటి కారును కంటికి రెప్పలా చూసుకునే యజమానిని పలకరిస్తే ముందుగా చెప్పేది ఆ ఉక్కు గురించే. ఇప్పటి కార్లు వేలితో నొక్కితే సొట్టపోయే డబ్బాలనీ, తన బండి మాత్రం దేన్ని గుద్దినా చెక్కుచెదరదనీ గర్వంగా చెబుతారు. ఆ గర్వం మాకు అర్థమవుతుంది. పాత యంత్రాన్ని తుప్పుకు వదిలేయకుండా బతికించుకోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆ ఉక్కు మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం తప్పు. దాన్ని నమ్మి భార్యాబిడ్డలను ఎక్కించుకుని వేగంగా కదిలే ట్రాఫిక్‌లోకి వెళ్తున్నవారు ఉన్నారు కాబట్టే ఈ మాట గట్టిగా చెబుతున్నాం.

అమెరికాలో బీమా కంపెనీల ఆధ్వర్యంలో నడిచే హైవే భద్రతా సంస్థ ఒకటుంది. 1959లో పుట్టిన ఆ సంస్థ తన 50 ఏళ్ల సందర్భంగా 2009లో ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ, 2009 నాటి షెవర్లే మాలిబునూ చెరొకటి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా నడిపి, ముందుభాగాలు ఒక పక్కగా తగిలేలా ఢీకొట్టించింది. రెండూ ఒకే కంపెనీవి, బరువులో కూడా పెద్ద తేడా లేనివి. పాత కారు ముందు అద్దం మొత్తంగా ఊడిపోయింది. డ్రైవరు పక్క తలుపు తెరుచుకుంది. సీటు ఒక వైపు నేల నుంచి పెకిలి వచ్చింది. అద్దం పక్కనుండే స్తంభం వెనక్కి విరుచుకుపడింది. లోపల డ్రైవరు స్థానంలో కూర్చోబెట్టిన బొమ్మ తల స్టీరింగ్‌కు, ఆ తర్వాత పైకప్పుకు, పక్కనున్న ఇనుప డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. అక్కడ మనిషే ఉంటే బతికి ఉండేవాడు కాదు. కొత్త కారులో కూర్చునే చోటు దాదాపు యథాతథంగా నిలిచింది. అందులోని బొమ్మకు పాదం దగ్గర గాయమయ్యే అవకాశం తప్ప పెద్ద ప్రమాదం కనిపించలేదు.

ఆ వీడియో చూసిన పాత కార్ల ప్రేమికుల్లో చాలామందికి మనసు ఒప్పలేదు. బానెట్ కింద ఇంజన్ తీసేసి పరీక్షించారన్న పుకారు పుట్టింది. ఇంజన్ ఉందని సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆ మోడల్ ఛాసిస్, అంటే కారు అడుగున ఉండే ఉక్కు చట్రం, ఎక్స్ ఆకారంలో ఉండటం వల్లే అంతగా నలిగిందని మరికొందరు వాదించారు. ఇందులో కొంత నిజం ఉండవచ్చు, ఛాసిస్‌ను బట్టి కారు నలిగే తీరు మారుతుంది. అయితే ఛాతీకి గురిపెట్టినట్టుండే స్టీరింగ్ కడ్డీ, మెత్తదనం లేని డ్యాష్‌బోర్డు, బెల్టు లేని సీటు ఆ ఒక్క మోడల్‌కే పరిమితం కావు. ఆ కాలపు కార్లలో అత్యధిక భాగం ఇలాగే తయారయ్యాయి.

గట్టి కారులో మనిషి క్షేమం అన్న లెక్క ఎక్కడ తప్పుతోంది? గుద్దుకున్నప్పుడు చంపేది వేగం కాదు, ఆ వేగం ఎంత తక్కువ దూరంలో ఆగిపోయిందన్నది. గంటకు 64 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 18 మీటర్లు. ఆ వేగంతో వెళ్తున్న శరీరం 60 సెంటీమీటర్ల దూరంలో ఆగితే, సగటున తన బరువుకు సుమారు 27 రెట్ల బలాన్ని తట్టుకోవాలి. బెల్టు పట్టి ఉంచిన మనిషి రెప్పపాటు కాలం దాన్ని ఓర్చుకుని బయటపడగలడు. అదే శరీరం కారు ఆగిపోయాక కూడా ముందుకు దూసుకెళ్లి, ఇనుప డ్యాష్‌బోర్డుకు తగిలి 5 సెంటీమీటర్లలో ఆగితే ఆ బలం 300 రెట్లు దాటుతుంది. పుర్రెగానీ ఛాతీ ఎముకలుగానీ దానికి నిలబడవు. కొత్త కారు ముందుభాగం నలిగిపోతోందంటే అది నాసిరకం కావడం వల్ల కాదు. లోపలి మనిషి ఆగడానికి కావలసిన ఆ కొద్దిపాటి దూరాన్ని తాను నలిగి ఇస్తోంది. పాత కారు చాలాసార్లు దీనికి తలకిందులుగా ప్రవర్తిస్తుంది. నలగాల్సిన ముందుభాగం బిగుసుకుని ఉంటుంది, నిలబడాల్సిన కేబిన్ కూలిపోతుంది. చిన్నపాటి ప్రమాదం తర్వాత బంపర్ మీద గీత కూడా పడలేదని మురిసిపోయేవారు, ఆ దెబ్బ ఎక్కడికి పోయిందో ఒక్కసారి ఆలోచించాలి.

ఆ జ్ఞానం ఎప్పుడు వచ్చిందో చూస్తే 1959 మళ్లీ కనిపిస్తుంది. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బారెనీ, ముందూ వెనకా నలిగి మధ్యభాగం గట్టిగా ఉండే నిర్మాణానికి 1951లోనే పేటెంటు కోరాడు. ఆ పద్ధతిలో తయారైన కార్లు 1959లో అమ్మకానికి వచ్చాయి. అదే ఏడాది వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించిన, భుజం మీదుగా నడుము మీదుగా వచ్చే మూడు కొసల సీటు బెల్టు కార్లలో ప్రవేశించింది. ఆ పేటెంటును వోల్వో ఇతర కంపెనీలకూ వాడుకోనిచ్చింది. అయినా ఇవి అందరికీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికాలో కొత్త కార్లకు సీటు బెల్టులు, దెబ్బకు కుదించుకుపోయే స్టీరింగ్ కడ్డీ 1968 నుంచి తప్పనిసరి అయ్యాయి. మెడకు ఆసరా ఇచ్చే సీటు తలదిండు 1969లో, వెనక అద్దం దగ్గరుండే మూడో బ్రేక్ లైటు 1986 మోడల్ కార్లతో, ముందు సీట్ల ఎయిర్‌బ్యాగులు 1998 మోడల్ కార్లతో తప్పనిసరి అయ్యాయి. అందుకే తయారైన సంవత్సరం చెబితే ఆ కారులో ఏమేమి లేవో సగం వరకు చెప్పేయవచ్చు. ఈ నియమాల్లో ప్రతి ఒక్కటీ అప్పటికే పోయిన ప్రాణాలను చూసి రాసుకున్నది.

గుద్దుకున్న తర్వాతి సంగతి ఇది. గుద్దుకోకుండా ఆపడంలోనూ పాత కారు వెనకబడే ఉంటుంది, పైగా ఈ సంగతి గురించి మాట్లాడుకునేవారు తక్కువ. 1960ల నడుమ వరకు వచ్చిన ఎన్నో కార్లలో బ్రేక్ ఆయిల్‌కు ఒకటే దారి. ఒక చక్రం దగ్గర రబ్బరు సీలు కారినా, ఒక పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. డ్రమ్ బ్రేకులు వరుసగా నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు సడలిస్తాయి. వాటికి నీళ్లు తగిలితే ఒక పక్కకు లాగుతాయి. చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ లేదు కాబట్టి భయంతో పెడల్‌ను చివరికంటా తొక్కితే చక్రాలు బిగిసిపోయి, స్టీరింగ్ ఎటు తిప్పినా కారు నేరుగానే జారుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు కదలని కారులో బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూ ఉంటుంది. కొన్నేళ్లు మార్చకపోతే, బ్రేకులు వేడెక్కిన సమయంలో ఆ నీరు ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. పది నిమిషాల ముందు బాగానే పనిచేసిన బ్రేకు సరిగ్గా అవసరమైన చోట పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

టైర్ల సంగతి దగ్గర కాస్త ఆగుదాం. మెరిసే రంగు, అద్దంలాంటి క్రోమ్, లోపల కొత్త తోలు సీట్లు ఉన్న కారు పక్కన వంగి టైరు పక్కభాగాన్ని చూడండి. డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2309 అని ఉంటే అది 2009వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూడు అంకెలే ఉంటే ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుది. గాడులు లోతుగా, ఇంకా కొత్తగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ కారు తిరిగింది తక్కువ. కానీ రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. గోరుతో నొక్కితే దిగదు, గాలి నింపే వాల్వు చుట్టూ, గాడుల అడుగున వెంట్రుకలాంటి పగుళ్లు కనిపిస్తాయి. తడి రోడ్డు మీద దాని పట్టు నామమాత్రం, వేగం పెరిగినప్పుడు పై పొర ఊడిపోయే ప్రమాదమూ ఉంది. రంగుకు పెట్టిన ఖర్చులో చిన్న భాగం చాలు నాలుగు కొత్త టైర్లకు. ఇన్నేళ్లుగా ఆ ఖర్చును వాయిదా వేస్తూ రావడాన్ని మేము పొదుపు అనలేం.

ఇక లైట్లు. ఆరు వోల్టుల బ్యాటరీతో నడిచే హెడ్‌లైటు ఇప్పటి కళ్లకు దీపంలా ఉంటుంది. తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్ వల్ల ఆ వెలుగు మరింత పలచబడుతుంది. వెనకున్న బ్రేక్ లైటు అణా కాసంత. కొన్ని కార్లలో ఇండికేటర్లే ఉండవు, కొన్నింటిలో తలుపు స్తంభం నుంచి చిన్న చెయ్యిలా పైకి లేచే గుర్తు ఉంటుంది. దాని అర్థం తెలిసిన డ్రైవర్లు ఇప్పుడు రోడ్డు మీద ఎంతమంది?

పాత కారు నడిపేవారు జాగ్రత్తపరులని మేమూ ఒప్పుకుంటాం. నెమ్మదిగా వెళ్తారు, ఎండ ఉన్న ఉదయాలను ఎంచుకుంటారు, ముందు బండికి బోలెడంత దూరం వదులుతారు. అయితే ఆ దూరంలోకి ఎవరో ఒకరు కారు తోసేస్తారు. బ్రేకు దూరం అరవై ఏళ్ల నాటిదే, ముందున్న కారు మాత్రం అంతకన్నా ఎంతో ముందే ఆగిపోగలదు. జాగ్రత్త ఎంత ఉన్నా, ఎదుటి వరుసలోంచి అదుపుతప్పి వచ్చే బండి ఈ డ్రైవరు నేర్పును చూసి తప్పుకోదు. ఇప్పటి కార్లు, ముఖ్యంగా ఎత్తయిన పెద్ద వాహనాలు, 1959 నాటి రోడ్డు మీద లేనంత బరువుతో, ఎత్తుతో ఎదురవుతున్నాయి.

అలాగని ఈ కార్లను మ్యూజియంలో బంధించమని మేము అడగడం లేదు. యంత్రం తిరిగితేనే బతుకుతుంది. మేము పోట్లాడదలచింది ఒక భావనతో: 'అసలు రూపం చెడకూడదు' అన్న పట్టుదలతో. కారు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అచ్చం అలాగే ఉండాలన్న మోజు, బెల్టు బిగించడాన్ని కూడా అపచారంగా చూసే స్థాయికి చేరింది. ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు అసలుతనానికి మార్కులు వేస్తున్నంత కాలం, యజమానులు ప్రాణం కన్నా మార్కులకే విలువిస్తారు. సీటు బెల్టు, బ్రేక్ ఆయిల్‌ను రెండు దారుల్లో పంపే మాస్టర్ సిలిండరు, వెనక అద్దంలో తీసిపెట్టుకోగల బ్రేక్ లైటు, కొత్త టైర్లు వీటికి ఒక్క మార్కు కూడా తగ్గించబోమని క్లబ్బులు తమ నియమాల్లో రాసుకోవాలి. వీలైతే వాటికి అదనంగా మార్కులివ్వాలి.

బెల్టు విషయంలో ఒక హెచ్చరిక తప్పదు. పలచని నేల రేకుకు రంధ్రం చేసి బోల్టు బిగిస్తే అది బెల్టు కాదు, మొదటి కుదుపుకే రేకును చీల్చుకుని వస్తుంది. కంపెనీ ఏర్పరచిన బిగింపు చోట్లు ఉంటే అవే వాడాలి. లేకపోతే దళసరి ఉక్కు పలకలతో బలపరిచి, ఈ పని తెలిసినవారితోనే చేయించాలి. భుజం పట్టీని సీటు వెనక నేలకు కట్టి, వీపు మీదుగా భుజం పైకి లాగడం మరీ ప్రమాదం, దెబ్బకు అది వెన్నెముకను కిందికి అణగదొక్కుతుంది. నడుము పట్టీ ఒక్కటే ఉన్నచోట అది పొత్తికడుపు మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనేలా కట్టుకోవాలి. ఇది అరకొర రక్షణే, తలనూ ఛాతీనీ కాపాడదు. అయినా కారులోంచి బయటికి విసిరేయబడకుండా ఆపుతుంది.

ప్రభుత్వాల తీరు కూడా ఒక్కలా లేదు. బ్రిటన్ 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకు ఏటా జరిగే తనిఖీ నుంచి మినహాయింపు ఇచ్చింది. జర్మనీలో 30 ఏళ్లు దాటి చారిత్రక నంబరు ప్లేటు పొందిన కార్లు కూడా రెండేళ్లకోసారి తనిఖీకి రావాల్సిందే. భారతదేశం 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాలను రోజువారీ రాకపోకలకు వాడకూడదు. మా మొగ్గు జర్మనీ పద్ధతి వైపు. యజమానులు కారును ప్రేమగా చూసుకుంటారన్నది నిజమే, కానీ రంగు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు తిన్న ఛాసిస్ ప్రేమకు కనిపించవు. గుంటలోకి దిగి సుత్తితో తట్టి చూసేవాడికి కనిపిస్తాయి. తనిఖీని రద్దు చేయడం ఈ యజమానులకు చేసే మేలు కాదు.

పిల్లల విషయంలో మాత్రం మాకు సందిగ్ధం లేదు. బెల్టు లేని కారులో పిల్లల సీటు బిగించే దారే ఉండదు. బెల్టులు లేకుండా తయారైన కారులో మూడేళ్లలోపు పిల్లలను ఎక్కించడాన్ని బ్రిటన్ చట్టం నిషేధించింది, అంతకు మించిన వయసు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలి. పెద్దవారు తెలిసి ఒప్పుకున్న ముప్పు వేరు, ఒడిలో కూర్చుని కిటికీలోంచి చెయ్యూపుతున్న మూడేళ్ల పాపకు ఆ ముప్పు గురించి ఎవరూ చెప్పలేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే ఆ పాపను తల్లి చేతులు పట్టి ఉంచలేవు. ఎంత బలమైన చేతులైనా సరే. ఇంజన్ ఆపి, నిలిపి ఉంచిన కారులో కూర్చోబెట్టి ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు.

వచ్చే ర్యాలీకి జెండా ఊపే ముందు నిర్వాహకులు ప్రతి కారు టైరు మీది అంకెలు చదవాలి, బ్రేక్ పెడల్‌ను తొక్కి నిమిషం పాటు పట్టుకుని అది కిందికి దిగుతోందేమో చూడాలి, వెనక ఒకరిని నిలబెట్టి బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా అని అడగాలి. ఈ మూడింటికీ కారుకు ఐదు నిమిషాలు సరిపోతుంది. బెల్టులు లేని కార్లకు వేగంగా కదిలే పెద్ద రోడ్లు తప్పించి, తీరిగ్గా సాగే దారిని ముందే నిర్ణయించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు.