తులసి సారం ఊదా రంగును పోగొడితే మందైనట్టేనా?

అనుకూలం: తులసి ఆకులో రోస్మరినిక్ ఆమ్లం, యూజెనాల్, ఫ్లేవనాయిడ్లు ఉన్నాయి. వాటి యాంటీఆక్సిడెంట్ బలం, అంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను అణచే శక్తి, తేల్చడానికి డీపీపీహెచ్ అనే ఫ్రీ రాడికల్‌తో చేసే పరీక్ష చాలు. 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 4 మిల్లీగ్రాముల డీపీపీహెచ్ కరిగిస్తే ముదురు ఊదా రంగొస్తుంది. సారం కలిపి 30 నిమిషాలు చీకట్లో ఉంచితే పసుపుకు తిరుగుతుంది. 517 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతి శోషణ ఎంత తగ్గిందో చూస్తే లెక్క తేలుతుంది. కళ్లెదుటి దాన్ని కాదంటారా?

ప్రతికూలం: కాదనను. కానీ ఆ రీడింగులో పత్రహరితం రంగు కూడా కలుస్తుంది కదా! డీపీపీహెచ్ వెయ్యకుండా సారం, మిథనాల్ మాత్రమే ఉన్న బ్లాంక్‌ను ప్రతి గాఢతకూ విడిగా పెట్టి, దాని రీడింగును తీసివేయాలి. లేదంటే సారం బలం ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. నీటి సారమైతే ఇంకో చిక్కు. నీరు ఎక్కువైతే డీపీపీహెచ్ కరగక ద్రావణం మసకబారుతుంది.

అనుకూలం: అవి చేసేవారి పొరపాట్లండీ, పరీక్షవి కావు. నీడలో ఆరిన ఆకు పొడి 10 గ్రాములకు 100 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి, ఒక రోజు నానబెట్టి వడగట్టండి. తక్కువ ఒత్తిడిలో, 40 డిగ్రీలు దాటకుండా మిథనాల్ తీసేస్తే మంచి సారమే వస్తుంది.

ప్రతికూలం: యూజెనాల్ ఆవిరయ్యే నూనె, అందులో కొంత మిథనాల్‌తోపాటే పోతుంది. పైగా మిథనాల్ విషం. మనుషులు తాగేది కషాయం, మీరు కొలిచింది దాన్ని కాదు.

అనుకూలం: అదే రోజు ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అంటే విటమిన్ సిని, పక్కన పెట్టి ఐసీ50 (డీపీపీహెచ్‌లో సగాన్ని అణచడానికి కావలసిన గాఢత) పోలుస్తాం. ఫోలిన్ అనే, నీలం తిరిగే కారకంతో చేసే పరీక్షతో మొత్తం ఫినాల్స్ కూడా గాలిక్ ఆమ్ల లెక్కలో చెబుతాం.

ప్రతికూలం: ఫోలిన్ కారకం విటమిన్ సితోనూ నీలం తిరుగుతుంది, అది ఫినాల్స్‌ను మాత్రమే గుర్తించేది కాదు. ఐసీ50 అంటారా, డీపీపీహెచ్ గాఢత మారితే అదీ మారుతుంది. అసలు గొడవ ఒంట్లో ఉంది. క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లను పేగు గోడ, కాలేయం గ్లూకురోనైడ్లు, సల్ఫేట్లు అనే వేరే రూపాల్లోకి మార్చేస్తాయి. రక్తంలోకి మార్పు లేకుండా చేరేది అత్యల్పం. 1994లో ఫిన్లాండ్ పొగతాగేవారి అధ్యయనంలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది. అదీ యాంటీఆక్సిడెంటే! పరీక్షనాళికలో కొలిచిన బలం ఒంటికి వర్తించదనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓరాక్ పట్టికను, అంటే ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాల జాబితాను, తీసేసింది.

అనుకూలం: ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పది రకాల ఆకుల్లో ఏ రెండింటిని కణాల మీద పరీక్షకు పంపాలో ఒక్క పూటలో తేల్చడానికి ఇంతకంటే సులువైన దారి చూపించండి.

ప్రతికూలం: దానికి నాకేమీ అభ్యంతరం లేదు. ప్రతి గాఢతా మూడేసిసార్లు చేయండి, కషాయాన్నీ కొలవండి. రిపోర్టులో మాత్రం ‘మందు’ అన్న మాట రాయకండి.