తెలుగులో నడిచే బస్సు, ఇంగ్లిషులో పరుగెత్తే బస్సు

తిరుపతి నుంచి కొండ మీదికి బస్సులు నడుస్తాయి. ఇదే మాట ఇంగ్లిషులో చెప్పాలంటే 'రన్' అనే క్రియ వాడాలి. హోటల్ నడపడానికీ, బడి నడపడానికీ అదే. మనం నడిచే చోట ఇంగ్లిషు పరుగెత్తుతుంది. ఇంత తేలికైన సంగతిని మన తరగతి గదుల్లో చెప్పేవారు తక్కువ.

ఇక్కడే పదో తరగతి చదివే ఒక అమ్మాయి నోటు పుస్తకం చూశాను. ఎడమవైపు 'రన్', కుడివైపు 'పరుగెత్తు', మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత. వాళ్ల నాన్న టిఫిన్ సెంటర్ నడుపుతాడు. ఆ మాట రాయాల్సి వచ్చినప్పుడు 'డ్రైవ్' అని రాసింది. బండి నడపడానికి నేర్పింది ఆ మాటే మరి! ఎర్ర సిరాతో కొట్టేశారు, ఎందుకు తప్పో చెప్పలేదు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ సంపాదకులు 2011 నాటికి 'రన్' పద్దును తిరగరాసినప్పుడు క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. అన్నీ ఎవరూ బట్టీ పట్టలేరు, పట్టనక్కర్లేదు. పాత ఇంగ్లిషులోనే ఈ క్రియకు పరుగెత్తడంతో పాటు పారడం అనే అర్థమూ ఉంది. ఆ పారడం పట్టుకుంటే చాలా వాడుకలు వాటంతటవే విడిపోతాయి. స్వర్ణముఖిలో నీళ్లు పారినా, జలుబుకు ముక్కు కారినా 'రన్' అనే అంటారు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందుగా కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. గీసిన గీత దాటి రంగు పాకకుండా ఆ పాలలోని కొవ్వు ఆపుతుంది. ఆ పాకడానికీ ఇంగ్లిషు మాట 'రన్' అనే. కలంకారీ పనివారి పిల్లలకు దీన్ని ఒక్క గుడ్డముక్క చూపించి చెప్పవచ్చు.

తెలుగులో మాత్రం తక్కువా? చెమట పడుతుంది, కునుకు పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, కొండ ఎక్కడానికి గంటలు పడుతుంది. ఈ 'పట్టు'ను ఏ పిల్లవాడూ జాబితా చూసి నేర్చుకోలేదు. క్రియ అర్థం పక్కనున్న నామవాచకాన్ని బట్టి మారుతుందని వాడికి పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లిషు మీడియం పేరుతో తరగతిలో తెలుగు మాట్లాడవద్దనడం వల్ల సరిగ్గా ఆ తెలివే పనికిరాకుండా పోతోంది. నాకు బాధ కలిగించేది అదే.

గైడు పుస్తకాల్లోని రెండు వరుసల జాబితాలు తీసేయాలి. క్రియను ఒంటరిగా కాకుండా బస్సుతో, నదితో, రంగుతో, హోటల్‌తో కలిపి నేర్పాలి. పరీక్షలో అర్థం రాయమని అడిగే బదులు, పిల్లల ఇంటి సంగతి ఒకటి ఆ క్రియతో రాయమనాలి.